దొర పడుకోని బంగ్లా

గోదావరిఖనిలో ఎవరికి రాతపని పడినా నా దగ్గరికే వస్తారు. ముప్ఫై నాలుగేళ్ళు బడిలో తెలుగు చెప్పి రిటైరయినదానికి ఇంకేం పని ఉంటుందని వాళ్ళ నమ్మకం. పెళ్ళిపత్రికలు, గృహప్రవేశం కార్డులు, సన్మానపత్రాలు అన్నీ రాస్తాను. నిజం చెప్పాలంటే నా దగ్గర ఉన్న సన్మానపత్రం ఒక్కటే. ‘నల్లబంగారాన్ని వెలికితీసిన కర్మయోగీ’ అని మొదలవుతుంది. పేరు మార్చి ఇస్తూంటాను. ఒకసారి క్యాంటీన్‌లో ముప్ఫై ఏళ్ళు వంట చేసిన ఆయనకు కూడా అదే వెళ్ళిపోయింది. ఆయన చదివించుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు గాని, నేను బొగ్గెప్పుడు తవ్వానమ్మా అని అడగలేదు.

రాతపని చేస్తానన్న ఆ పేరు పట్టుకునే ఒక ఆదివారం పొద్దున మా స్కూటర్ మెకానిక్ ఇంటికి వచ్చాడు. మెకానిక్ అనడం నా పాత అలవాటు. ఇప్పుడాయనకు రెండు షెడ్లు, ఒక టైర్ల దుకాణం, మూడు లారీలు ఉన్నాయి. ఊరంతా సేటు అంటుంది. నాకు మాత్రం నా స్కూటర్ పక్కన వెల్లకిలా పడుకుని కూనిరాగాలు తీసిన కుర్రవాడే గుర్తుంటాడు. యాభై దాటినా మనిషిలో హుషారు తగ్గలేదు. తను పుట్టింది హైదరాబాదులో అని రోజుకొకసారైనా ఎవరికో ఒకరికి చెప్పకపోతే ఆయనకు అన్నం అరగదు.

“టీచరక్కా, నాకొక చరిత్ర కావాలె,” అన్నాడు కుర్చీ లాక్కుంటూ. “రెండు పేజీలు. శుక్రారం కల్ల.”

“ఎవరి చరిత్ర తమ్మీ?”

“మనిషిది కాదక్కా. బిల్డింగుది.”

సంగతేమిటంటే, కిందటి చలికాలం కోడలి తరపు పెళ్ళికి సముద్రం ఒడ్డున ఒక రేవు పట్టణానికి వెళ్ళాడట. అక్కడ ఒక పాత హోటల్లో దిగారు. మంచం కిర్రుమంటుంది, ఫ్యాను కంటే దోమలు జోరుగా తిరుగుతాయి, నల్లాలో వేడినీళ్ళు రావు. అయినా పక్కనున్న కొత్త హోటల్ కంటే రెండింతలు కిరాయి. ఇదేం అన్యాయమని అడిగితే మేనేజరు గోడమీది ఫ్రేము చూపించాడు. అందులో ఆ భవనం చరిత్ర ఉంది. డచ్చి వర్తకుడెవరో ఓడ దిగి దాన్ని కట్టించాడు, తరవాత తెల్ల కలెక్టరొకడు అందులో కాపురమున్నాడు, ఒక గవర్నరు దాని మెట్లమీద జారిపడ్డాడు.

“పడ్డడని గూడ రాసుకున్నరక్కా! మనోడు పడితె దవాఖానకు తీస్కపోతం. ఆళ్ళు ఫ్రేము కట్టిచ్చిన్రు!”

ఆ ఫ్రేము చూసిన దగ్గర్నుంచీ ఆయనకు నిద్ర పట్టలేదు. తిరిగి వచ్చి, బెల్లంపల్లిలో ఎన్నో ఏళ్ళు సామాన్ల స్టోరుగా ఉండి, చేతులు మారి పాడుపడిన పాత పెంకుటింటి బంగ్లా ఒకటి కొన్నాడు. ఎనిమిది గదులు చేయించాడు. శుక్రవారం ప్రారంభం. అన్నీ తయారు, చరిత్ర ఒక్కటే తక్కువ.

ఫోను తీసి ఆ రేవు హోటల్ ఫ్రేము ఫోటో నా ముందు పెట్టాడు.

“ఇదే రాయక్కా. సముద్రం ఒక్కటి తీసెయ్. ఓడ ఉన్నకాడ బొగ్గుబండి పెట్టు.”

“మరి గవర్నరు?”

“ఉండనియ్. మన దగ్గర గూడ మెట్లున్నయ్.”

సన్మానపత్రంలో అబద్ధం రాయడం వేరు, చరిత్రలో రాయడం వేరు అని నేను కాసేపు ఉపన్యాసం ఇచ్చాను. ఆయన బుద్ధిగా విని, “సరే అక్కా, రేపు కారు పంపిస్త, బెల్లంపల్లికి పోయి ఒకసారి సూసి రాయి,” అన్నాడు. లోపలి గదిలో పడుకున్న మా బాపుకు, అంటే నాన్నకు, చెవుడు. పక్కన పిడుగు పడ్డా కదలడు. కాని బెల్లంపల్లి అన్న మాట మాత్రం వినపడింది.

“నేనూ అస్త,” అన్నాడు లోపల్నుంచి.

మా బాపుకు ఎనభై నాలుగేళ్ళు. బెల్లంపల్లి బాయిల్లో టింబర్‌మన్‌గా చేసి, తరవాత ఇక్కడికి బదిలీ మీద వచ్చాడు. బాయి అంటే నీళ్ళ బావి కాదు, బొగ్గు గని. లోపల పైకప్పుకు దుంగలు నిలబెట్టడం ఆయన పని. నిలబెట్టే ముందు కర్రతో కప్పును కొట్టి చప్పుడు వినాలి. గట్టి రాయి అయితే ఖంగుమంటుంది, లోపల సందు ఉంటే డొల్లుమంటుంది. డొల్లుమన్న చోట నిలబడ్డవాడు ఇంటికి రాడు. ఆ అలవాటు రిటైరయ్యాక కూడా పోలేదు. పుచ్చకాయ దగ్గర్నుంచి పెళ్ళిమంటపం స్తంభం దాకా దేన్నయినా చేతికర్రతో కొట్టి చూస్తాడు. మనుషుల మాట వినపడకపోయినా గోడల మాట వినపడుతుంది.

మర్నాడు కారెక్కగానే వేలితో దాని పైకప్పు కొట్టి, “పలచగున్నది,” అన్నాడు. డ్రైవరు బెల్లంపల్లి దాకా బిక్కుబిక్కుమంటూనే నడిపాడు.

బంగ్లా నిజంగానే బాగుంది. మోకాలెత్తు అరుగు, పొడుగాటి వరండా, మూరెడు మందం గోడలు. సేటు మాకు ఎదురొచ్చి లోపలికి తీసుకెళ్ళాడు. ముందు పెద్ద హాలు.

“ఇది దొరలు డాన్సులు చేసే హాలు కాక,” అన్నాడు మా బాపు చెవిలో అరిచినట్టుగా. “అగో, పైన కొక్కెం సూడు. జుమ్మర్ దీపం ఏలాడతుండె.”

ఆ కొక్కేనికి పట్టుమని పిడికెడు దీపం కూడా ఆగేలా లేదు.

ఆ పక్క గది అన్నిటికంటే ఖరీదైనది. నెమలికంఠం రంగు దుప్పటి, పరుపు మీద గులాబీరేకులతో రెండు హంసలు. గోడలకు నడుమెత్తు దాకా తెల్లటి పాత పలకలు. నేల మధ్యనుంచి గోడదాకా సన్నటి కాలువ.

“ఇది దొర పడుకునే రూము.”

“పడకగదిలో మోరీ ఎందుకు తమ్మీ?”

“ఆళ్ళు శుభ్రం మనుషులక్కా,” అన్నాడు తడుముకోకుండా.

మా బాపు ఇదంతా వినడం లేదు. గోడ వెంబడి కర్రతో కొట్టుకుంటూ పోతున్నాడు. టక్, టక్, టక్. మంచం తలాపి వైపు గోడకు రాగానే చప్పుడు మారింది. డబ్ అంది. ఆగి ఇంకోసారి కొట్టాడు. మళ్ళీ డబ్.

“ఈడ గోడ గోడ కాదు,” అన్నాడు.

సేటు ముఖం వెలిగిపోయింది. “సొరంగమా కాక?” అని చెవిలో అరిచాడు.

“ఏమో, డొల్ల.”

సొరంగం ఉంటే ఫ్రేములో ఇంకో పేరా పెరుగుతుంది. వరండాలో సున్నం పూస్తున్న మేస్త్రీని అప్పటికప్పుడే పిలిపించి, హంసల మీద గుడ్డ కప్పి, గోడ కొట్టించాడు. పెచ్చులు ఊడాయి, ఇటుకలు రెండు వరసలు లేచాయి. లోపల సొరంగం లేదు, ధనం లేదు. ఇనుప కడ్డీలున్న ఒక చిన్న కిటికీ ఉంది. ఆ కిటికీ అవతల, వెనక సందులో ఒక మేక మమ్మల్ని చూస్తూ నిలబడి ఉంది. బయటివైపు మూసిన రేకు ఎప్పుడో తుప్పుపట్టి రాలిపోయిందట.

“అక్షరాలున్నయ్ బయట,” అన్నాడు మేస్త్రీ, కడ్డీల్లోంచి తల వంచి చూసి.

మేమంతా చుట్టూ తిరిగి సందులోకి వెళ్ళాం. కిటికీ పైన, నీలం రంగు సగం వెలిసిపోయి, పెద్ద అక్షరాలతో ఇలా ఉంది: ‘మగవాండ్లు ఇక్కడనే ఆగవలెను’. దాని కింద చిన్నగా: ‘గట్టిగా మాట్లాడరాదు’.

సేటు ఒక్క క్షణమే తడబడ్డాడు. “దొరసాని ఉండే తట్టు అక్కా ఇది! పర్దా!”

“తెల్ల దొరసాని తెలుగులో రాయించుకుందా?”

“మనకోసం రాపిచ్చింది.”

ఇంతలో మా బాపు కిటికీ దగ్గరకు నడిచాడు. కర్ర చంకలో పెట్టుకుని రెండు చేతులతో కడ్డీలు పట్టుకున్నాడు. అలా పట్టుకోవడం ఆ చేతులకు కొత్త కాదని చూస్తేనే తెలుస్తోంది. సందు అటు చివర చూశాడు, ఇటు చివర చూశాడు.

“బిడ్డా,” అన్నాడు. “ఇది కాన్పుల దవాఖాన. నువ్వు గీడనే పుట్టినవ్.”

పాత కాన్పుల దవాఖాన ఎప్పుడో కూలగొట్టారని మేమందరం అనుకునేవాళ్ళం. కొత్త ఆసుపత్రి వచ్చాక పాతదాన్ని ఎవరు పట్టించుకుంటారు? కూలగొట్టలేదు, స్టోరు చేశారు. కిటికీ మూశారు, ముందువైపు వరండా పెంచారు.

“మరి పొద్దుటినుంచి ఇందులో తిరుగుతున్నావు గదా బాపూ, గుర్తుపట్టలేదా?” అన్నాను చెవి దగ్గర గట్టిగా.

“లోపలికి ఎన్నడన్న రానిస్తె గద గుర్తువట్టేది? నేను సూసింది గీ కిటికే.”

నేను మళ్ళీ లోపలికి వెళ్ళి ఆ గదిని చూశాను. తెల్ల పలకలు, నేలలో కాలువ ఎందుకో ఇప్పుడు తెలిసింది. హాల్లో కొక్కెం జుమ్మరుది కాదు, పసిపిల్లల్ని గుడ్డలో వేసి తూచే త్రాసుది. దొరలు డాన్సు చేసిన హాలు మంచాల వార్డు. అరవై ఒక్కేళ్ళ వయసులో పుట్టినచోట నిలబడితే మనసులో ఏదో గంభీరంగా కదలాలి. నాకు మాత్రం గుడ్డ కింద నలుగుతున్న ఆ గులాబీ హంసల్ని చూస్తే నవ్వు ఆగలేదు.

సేటు వరండా మెట్ల మీద కూలబడ్డాడు. ముఖం మాడిపోయింది.

“అక్కా, నీ కాళ్ళు మొక్కుత, ఎవలకు చెప్పకు. కాన్పుల దవాఖాన అంటె హోటలుకు ఎవడస్తడు? దొర ఒక్క దినం పండుకున్నడని రాయి. ఒక్కటంటె ఒక్క దినం.”

“నేను చెప్పను తమ్మీ. కాని నువ్వు అటు చూడు.”

పరంజా మీద మేస్త్రీ ఫోను చెవికి పెట్టుకుని అప్పటికే వాళ్ళమ్మకు చెబుతున్నాడు.

మర్నాడు తొమ్మిది గంటలకు సేటు ఫోను. “అక్కా, జల్ది రా. ఆడోళ్ళచ్చిన్రు.”

“ఎంతమంది?”

“లెక్కవెట్టలె. నన్ను బయటికి ఎల్లగొట్టిన్రు.”

కారు వచ్చేసరికి అందులో ముందు సీట్లో సేటు తల్లి కూర్చుని ఉంది. ఎనభైకి దగ్గర పడ్డ మనిషి. ఇంట్లో దక్కనీ మాట్లాడుతుంది, వీధిలో మా అందరికంటే చక్కటి తెలుగు మాట్లాడుతుంది. సంగతి ఆమె చెవిన పడిందట, తననూ తీసుకుపోకపోతే అన్నం ముట్టనని కూర్చుందట. నేనూ మా బాపూ వెనక ఎక్కాం. దారి పొడుగునా ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తనలో తాను నవ్వుకుంటూ కూర్చుంది.

బంగ్లా దగ్గర దిగి చూస్తే వరండా నిండా చెప్పులు. మా బాపు అక్కడే మెట్ల మీద కూర్చున్నాడు. హాలు నిండా అవ్వలు. ఒకామె గోడ పట్టుకుని అడుగులు వేస్తూ మంచాలు లెక్కపెడుతోంది. ఇద్దరు ఒకే మూల కోసం తగవులాడుకుంటున్నారు.

“గిది నా మంచం ఉన్న జాగ. నా పెద్దోడు గీడనే పుట్టిండు.”

“నీది నల్లాకాడ. నాకు యాదిలేదా? రాత్రంత నీ లొల్లికి మా ఎవలకు నిద్రలేదు.”

దొర గదిలో మరీ ఘోరం. ఒక లావుపాటి అవ్వ నెమలికంఠం దుప్పటి మీద కాళ్ళు చాపుకుని పడుకుని, చుట్టూ ఉన్నవాళ్ళకు తన మూడు కాన్పులూ వరసగా చెబుతోంది. హంసలు ఏమయ్యాయో తెలియదు. గులాబీరేకులు మాత్రం అందరి కొప్పుల్లోనూ కనిపించాయి.

“సేటు ఏడి?” అని అడిగాను.

అందరూ కిటికీ వైపు చెయ్యి చూపించారు. హోటలు యజమాని కడ్డీలకు అవతల, సందులో, మేక పక్కన నిలబడి ఉన్నాడు. మగవాళ్ళు అక్కడే ఆగాలని గోడమీద రాసి ఉంది గదా అని అవ్వలు బయటికి పంపించారట.

“అమ్మీ! జర నువ్వన్న చెప్పు!” అన్నాడు తల్లిని చూసి ప్రాణం లేచివచ్చి. “పరుపు మీదికెల్లి లేవుమను!”

తల్లి గది నాలుగువైపులా చూసింది. కాలువ పక్కకు నడిచి, నేలమీద కాలితో ఒక చోట తట్టింది.

“అరె, తూ ఇధరీచ్ పైదా హువా రే,” అంది. ఆ తరవాత అందరికీ అర్థమయ్యేలా తెలుగులోకి తిరిగింది. “ఈడు గీ జాగలనే పుట్టిండు. కాళ్ళు ముందుగాల వచ్చినయ్. నర్సమ్మ తలకిందులు పట్టుకొని వీపు మీద నాలుగు తగిలిస్తె గాని ఏడ్వలె.”

కిటికీ అవతల సేటు నోరు తెరుచుకుని ఉండిపోయాడు. “అమ్మీ... హైదరాబాద్ అన్నరు గద!”

“మీ అబ్బా అన్నడు. పెద్ద ఊరు చెప్తె మంచి సంబంధాలస్తయని. ఒకసారి చెప్పినంక ఎట్ల మారుస్తం?”

గదంతా ఒక్కసారి గొల్లుమంది. మంచం మీది అవ్వ లేచి కూర్చుని మరీ నవ్వింది. నాకు మాత్రం సేటును చూస్తే జాలేసింది. యాభై ఏళ్ళు మోసిన హైదరాబాదు ఒక్క నిమిషంలో చెయ్యి జారిపోయింది పాపం. కడ్డీలకు ముఖం ఆనించి లోపలికి చూశాడు. తరవాత మెల్లగా అడిగాడు.

“ఏ జాగ, అమ్మీ?”

తల్లి లోపలికి రమ్మంది. అవ్వలు దారి ఇచ్చారు. ఆయన చెప్పులు విడిచి వచ్చి, ఆమె తట్టిన చోట నిలబడి, నేల వైపు చూశాడు. టైర్ల దుకాణంలో ఎన్నడూ కనిపించని ముఖం అది. ఎవరూ నవ్వలేదు. చివరికి నా వైపు తిరిగాడు.

“అక్కా, దొరను తీసెయ్.”

“గవర్నరును కూడా?”

కొంచెం ఆలోచించాడు. “తీసెయ్,” అన్నాడు బాధగా.

ఆ రోజంతా హాల్లో కూర్చుని అవ్వలు చెప్పింది రాసుకున్నాను. రెండు పేజీలు అనుకున్నది పదకొండు అయింది. ఎవరి కాన్పు తీసేద్దామన్నా ఒప్పుకునేవాళ్ళు లేరు. మొదటి వాక్యం మాత్రం నాది: ‘ఈ ఇంట్లో ఏ దొరా పడుకోలేదు. పడుకున్నది బాయి పనివాళ్ళ భార్యలు. వాళ్ళు కూడా నాలుగు రోజులకంటే ఎక్కువ పడుకోలేదు.’ ఫ్రేము చివరికి తలుపంత అయింది. మోసుకొచ్చిన ఇద్దరూ దాన్ని తలుపే అనుకుని బిగించడానికి గుమ్మం వెతికారు.

హోటలు ఇప్పుడు బాగానే నడుస్తోంది. పిల్లలకు పేరు పెట్టే ఇరవయ్యొకటో రోజు వేడుకలకు హాలు దొరకడం లేదని విన్నాను. అరవై దాటిన మగవాళ్ళు మనవలతో వచ్చి, తాము పుట్టిన మూల ఏదని రిసెప్షన్‌లో అడుగుతారట. కొత్త జంటలు మాత్రం తెల్ల పలకల గది వద్దంటారట, అంత తొందరేముందని.

ప్రారంభం రోజు సంగతి ఒకటి చెప్పాలి. మా ఇంట్లో ఒక తగాదా ఉండేది. నేను పుట్టినప్పుడు మా బాపు దగ్గర లేడని, డ్యూటీకి పోయి ఎక్కడో చాయ్ తాగుతూ కూర్చున్నాడని మా అమ్మ అనేది. రెండు రోజులు కిటికీ దగ్గరే నిలబడి పిలిచానని ఆయన అనేవాడు. నాకేమీ వినపడలేదని ఆమె. ఎట్ల వినపడుతుంది, లోపల ఎంత దూరమో అని ఆయన. అమ్మ పోయి మూడేళ్ళయినా ఆ తగాదా తీరలేదు.

శుక్రవారం రిబ్బన్ కత్తిరించి, మిఠాయిలు పంచి, జనం పలచబడ్డాక, మా బాపు ఒక్కడే ఆ గదిలోకి వెళ్ళాడు. నేను వెనకే వెళ్ళాను. కిటికీ దగ్గర వీపు ఆనించి, అక్కణ్ణుంచి కాలువ దాకా అడుగులు వేశాడు. ఏడు అడుగులు. నమ్మకం కలగక మళ్ళీ వేశాడు. ఏడే.

“ఇంత దగ్గరనా?” అన్నాడు.

సేటు తల్లి మంచం అంచున కూర్చుని జిలేబీ తింటోంది. ఆమె దగ్గరికి వెళ్ళి అడిగాడు. “చెల్లే, నువ్వు లోపలున్నదానివి. ఒక మాట సరిగ్గ చెప్పు. బయట మేం పిలుస్తుంటె మీకు వినపడకపోతుండెనా?”

ఆమె ఆయనకు కాస్త వినపడే చెవి ఎటో చూసుకుని, అటు వంగి, నింపాదిగా చెప్పింది.

“ఎందుకు వినపడదన్నా? పక్కన వార్డుదాక అన్ని వినపడుతుండె. బియ్యం ఎక్కడ పెట్టినవే, దీపం ఎట్ల ముట్టియ్యాలె, పెద్దది ఏడుస్తున్నదే... మంచిగనే వినపడుతుండె. మేమే పలుకకపోతుంటిమి. నాలుగు దినాలు గదా రెస్టు దొరికేది. పలికితె పోదా?”

“అందరా?”

“అందరం. నవ్వు రాకుంట నోట్ల గుడ్డలు కుక్కుకుంటుంటిమి.”

మా బాపు కర్రతో ఆ కిటికీ గోడను ఒకసారి కొట్టి బయటికి నడిచాడు. కోపమొచ్చిందేమో అనుకున్నాను. తిరుగుదారిలో మంచిర్యాల దాటేదాకా నోరు విప్పలేదు. ఆ తరవాత భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తున్నాడేమో అని వంగి చూస్తే, పళ్ళులేని నోరంతా తెరిచి నవ్వుతున్నాడు.

“వినపడలేదన్నది బిడ్డా,” అన్నాడు. “సచ్చేదాక ఒక్క మాట మీదనే ఉన్నది. శాన గట్టి మనిషి మీ అమ్మ.”